తాత పెట్టెలో పులి

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మన క్లబ్బు వాళ్ళు లైబ్రరీ ముందర చిన్న ప్రదర్శన పెట్టారు, గుర్తుందా? ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తేవాలి. దాని పక్కన యాభై మాటలకు మించకుండా తెలుగులో చీటీ రాసిపెట్టాలి. నేను అందరికంటే ముందు పేరిచ్చాను, వస్తువు కూడా తెచ్చాను. చీటీ మాత్రం ముందు రోజు రాత్రి దాకా రాయలేకపోయాను. ఎందుకు రాయలేకపోయానో చెప్పడానికి యాభై మాటలు సరిపోవు. అందుకే ఇది. ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాడిని, ఒత్తులు తప్పితే క్షమించండి.

వస్తువు మా తాతది. తాత చిత్తూరులో ఉంటాడు. చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, 1963లో, మద్రాస్ రెజిమెంట్‌లో చేరి నాయక్‌గా రిటైర్ అయ్యాడు. నాయక్ అంటే భుజం కింద చొక్కా చేతి మీద రెండు గీతలు. తాత వాటిని ఫీతీలు అంటాడు. రిటైరై వచ్చినప్పుడు తెచ్చుకున్న నల్ల ట్రంకు పెట్టె ఇంకా మంచం కింద ఉంది. అందులో బట్టలు లేవు, అన్నీ బ్యాడ్జీలే. టోపీ బ్యాడ్జీలు, భుజం మీద పెట్టుకునే అక్షరాలు, ఇత్తడి గుండీలు. కొన్ని సర్వీసులో తోటివాళ్ళు ఇచ్చినవి. ఎక్కువ భాగం వేలూరులో, చిత్తూరులో పాత సామాన్ల అంగళ్ళలో తూకానికి కొన్నవి.

చిన్నప్పుడు సెలవులకు పోతే తాత నాకు వాటితోనే పాఠాలు చెప్పేవాడు. ముందు కిరీటం చూడాల. కిరీటం పైన కమానులు గుండ్రంగా, పైకి ఉబ్బి ఉంటే అది రాజు కిరీటం, 1902 నుంచి 1953 దాకా. అవే కమానులు నడిమధ్యలో లోపలికి నొక్కినట్టు దిగి ఉంటే రాణి కిరీటం, 1953 తర్వాతది. మన సైన్యంలో అయితే 1950 జనవరి 26న కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చేశాయి. ఆ తర్వాత వెనక్కి తిప్పి చూడాల. టోపీ గుడ్డలోకి దించే పొడవాటి రేకు ఉందా, లేక పిన్ను గుచ్చే రెండు కొక్కేలు ఉన్నాయా? ముందువైపు ఎవరైనా నకలు చేస్తారు, వెనకవైపు మీద అంత శ్రద్ధ పెట్టరు. ఇది తాత సూత్రం. కోడింగ్‌లో మా సార్ చెప్పేది కూడా దాదాపు ఇదే, స్క్రీన్ మీద కనిపించేది నమ్మొద్దు, లాగ్ తెరిచి చూడు అని.

ఆ పెట్టెలో ఒక్కటి మాత్రం పాఠంలోకి వచ్చేది కాదు. దాన్ని విడిగా, పసుపు గుడ్డలో చుట్టి పెట్టేవాడు. అరచేతిలో పట్టేంత పులి. నిలబడి ఉంటుంది. పైనా కిందా రిబ్బన్ లాంటి పట్టీలు, వాటి మీద ఒకప్పుడు అక్షరాలు ఉండేవేమో. మా అవ్వ పండక్కొకసారి దీపపు కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు వేసి తోమేది, నలభై ఏళ్ళుగా. అక్షరాలు ఏం మిగుల్తాయి? తాత లెక్క ఇది: కిరీటం లేదు కాబట్టి తెల్లవాళ్ళది కాదు. పులి ఉంది కాబట్టి మైసూరు వాళ్ళది. దొరికింది వేలూరులో కాబట్టి అక్కడికి దండెత్తి వచ్చిన హైదర్ అలీ సిపాయిది. బంధువులందరికీ, వీధిలో వాళ్ళకీ ఇదే చెప్పాడు. ప్రదర్శనకు నేను అడిగింది ఆ పులినే. చీటీ మీద హైదర్ అలీ సైనికుడి చిహ్నం, 1782 అని రాయమన్నాడు తాత.

1782 ఎందుకంటే హైదర్ చనిపోయింది ఆ ఏడాదే, చనిపోయింది మన చిత్తూరు దగ్గరే. ఈ సంగతి మన క్లాసులో సగం మందికి తెలీదు, నేను అడిగి చూశాను. టిప్పు సుల్తాన్ అంటే అందరికీ తెలుసు, సీరియల్ చూశారు. వాళ్ళ నాన్న మన పక్కనే కన్ను మూశాడంటే నమ్మట్లేదు. కాబట్టి ముందు ఆయన కథ.

హైదర్ పుట్టింది కోలారు దగ్గర బూదికోటలో, 1720 ప్రాంతంలో. మదనపల్లె వైపు వాళ్ళకు కోలారు ఎంత దూరమో చెప్పక్కర్లేదు. తండ్రి ఫతే మహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో యాభై మంది రాకెట్ మనుషుల మీద నాయకుడిగా చేశాడు. అప్పటి రాకెట్లు వెదురు బొంగుకు కట్టినవి, ఎక్కువగా సంకేతాలకు వాడేవాళ్ళు. తర్వాత ఆయన సిరా నవాబు దగ్గర చేరి ఒక యుద్ధంలో చచ్చిపోయాడు. అప్పటికి హైదర్ చిన్న పిల్లవాడు. తండ్రి బాకీ పడ్డాడని చెప్పి, దొడ్డబళ్ళాపురంలో హైదర్‌నీ వాళ్ళ అన్న షాబాజ్‌నీ నగారాలో పెట్టి, పైన తోలు బిగించి వాయించారని ఒక కథ ఉంది. ఈ కథ చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పెద్దయ్యాక హైదర్ ఆ ఇంటివాళ్ళ మీద పగ తీర్చుకున్నాడంటే ఆశ్చర్యపోను.

బంధువుల సాయంతో శ్రీరంగపట్నం చేరి, అన్న వెనకాల మైసూరు సైన్యంలో దూరాడు. 1749లో దేవనహళ్ళి కోట ముట్టడిలో ధైర్యం చూపించాడని పైవాళ్ళ కంట్లో పడ్డాడు. కొద్దిమంది రౌతుల్నీ కాలిబంట్లనీ ఇచ్చి నాయకుడిని చేశారు. అదే నాయక్. మన తాత రెండు ఫీతీల నాయక్, అదే మాట. అప్పట్లో అది కొద్దిమంది బంట్లకు పెద్ద అని అర్థం. చొక్కా మీద గీతలు ఉండేవి కావు కానీ పేరు చివర తోకలా ఉండేది. తర్వాత హైదర్ మైసూరు మొత్తం ఏలుతున్నప్పుడు కూడా కంపెనీ వాళ్ళు తమ కాగితాల్లో ఆయన్ని హైదర్ నాయక్ అనే రాసేవాళ్ళు. అది మర్యాద కాదు. ఎంత ఎదిగినా నువ్వు మొదట ఎక్కడున్నావో మాకు తెలుసులే అని గుర్తు చేయడం. కొన్ని చిహ్నాలు మనం పెట్టుకునేవి, కొన్ని ఎదుటివాళ్ళు తగిలించేవి.

నాయక్ నుంచి పైకి వచ్చిన దారి త్వరగా చెప్పేస్తాను, యుద్ధాల లిస్టు చదవడం నాకూ బోరే. 1750 చివర జింజీ దగ్గర నిజాం నాసిర్ జంగ్‌ను తన వెంట వచ్చిన పఠాను నవాబులే చంపేశారు. ఆ గందరగోళంలో హైదర్ మనుషులు ఖజానాలో కొంత దక్కించుకున్నారు. ఆ డబ్బే ఆయన మొదటి పెట్టుబడి. 1755లో దిండిగల్లుకు ఫౌజ్‌దార్ అయ్యాడు. ఫ్రెంచి వాళ్ళ కవాతు, ఫిరంగి పని చూసి, తన దగ్గర వాళ్ళని పెట్టుకున్నాడు. 1761 నాటికి మైసూరు రాజు సింహాసనం మీద ఉన్నాడు, ఏలుబడి హైదర్ చేతిలో ఉంది. రాజును దించలేదు. దసరాకు రాజు దర్శనం రాజుదే, ఖజానా తాళం మాత్రం హైదర్‌ది.

మన వైపుతో ఆయనకు చుట్టరికం కూడా ఉంది. భార్య ఫఖ్రున్నీసా కడప కోట పెద్ద మీర్ మొయినుద్దీన్ కూతురు. ఆమె కొడుకే టిప్పు. గుర్రంకొండ కోట హైదర్ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ కింద ఉండేది. గుర్రంకొండకు పిక్నిక్ పోయి రంగినీ మహల్ ముందు సెల్ఫీలు దిగినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఆ కొండ మీద మీరు నిలబడింది హైదర్ వాళ్ళ అత్తగారింటి చుట్టాల ఊళ్ళో అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆయన చదువుకోలేదు. చదవడం రాదు, రాయడం రాదు. కానీ కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందుస్తానీ మాట్లాడేవాడంటారు. నాకు మూడు లిపులు వచ్చు, ఒక్క భాషలోనూ ఇరుక్కోకుండా పది నిమిషాలు మాట్లాడలేను. ఆయనది దీనికి పూర్తిగా తలకిందులు. లెక్కలన్నీ నోటితోనే, జ్ఞాపకంతోనే. పక్కన ఒకడు ఉత్తరం చదువుతుంటే, ఇంకొకడికి జవాబు చెప్పి రాయిస్తూ, మూడోవాడి ఫిర్యాదు వినేవాడని చెప్తారు. సంతకం నేర్చుకుందామని కూర్చుంటే తన పేరులో మొదటి అక్షరం ఒక్కటే పట్టుబడిందట. పారసీ లిపిలో హ. పైన చిన్న గీత, కింద గిన్నెలా పెద్ద వంపు. అది కూడా తిరగేసి రాసేవాడంటారు.

ఆ ఒక్క అక్షరమే ఆయన చిహ్నం. 1763లో బెదనూరు గెలిచాక సొంత నాణేలు వేయించాడు. ఆ బంగారు వరహా ఒకవైపు శివపార్వతులు పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఇక్కేరి నాయకుల కాలం నుంచి ఆ ఊళ్ళో నడుస్తున్న బొమ్మ అది, జనానికి అలవాటైనది, హైదర్ మార్చలేదు. తిరగేస్తే చిన్నచిన్న చుక్కల మధ్య ఒకే ఒక్క హ. పేరు లేదు, బిరుదులు లేవు. మనం యూజర్‌నేమ్‌కు మొదటి అక్షరం పెట్టుకున్నట్టు. ఆయన పోయాక కూడా టిప్పు తన నాణేల మీద ఆ అక్షరాన్ని నాన్న గుర్తుగా ఉంచాడు.

మరి పులి? పులి కొడుకుది. సిపాయిల చొక్కాల మీద పులిచారలు వేయించింది టిప్పు, వాటిని బబ్రీ అనేవాళ్ళు. కత్తి పిడి మీద పులి తల, ఫిరంగి మూతి దగ్గర పులి, సింహాసనం కింద పులి. హైదర్ అనే పేరుకు అర్థం మాత్రం సింహం. ఇంకో గుర్తు కూడా ఉంది, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు నచ్చుతుంది. 1787 ప్రాంతంలో టిప్పు కొత్త శకం మొదలుపెట్టాడు, మౌలూది అని, ప్రవక్త పుట్టుక నుంచి లెక్క. అందులో సంవత్సరం అంకెల్ని కుడి నుంచి ఎడమకు రాయించాడు. 1216 అయితే నాణెం మీద 6121 అని ఉంటుంది. అంటే లిటిల్ ఎండియన్! తెలియనివాడు నాలుగు వేల ఏళ్ళ తర్వాతి నాణెం అనుకోవాలి. చార ఉందా, అంకెలు తిరగబడ్డాయా, అయితే అది హైదర్ పోయాక కనీసం నాలుగైదేళ్ళకు తయారైంది. ఇది చదివినప్పుడే నాకు తాత పులి మీద మొదటి అనుమానం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేజీ మూసేసి పడుకున్నాను.

హైదర్ చిత్తూరు దాకా ఎందుకు వచ్చాడో చెప్పాలి. 1769లో ఆయన మద్రాసు గుమ్మం దాకా వచ్చి ఇంగ్లీషు వాళ్ళతో ఒప్పందం రాయించుకున్నాడు, ఒకరి మీద ఎవరైనా దాడి చేస్తే ఇంకొకరు ఆదుకోవాలని. తర్వాత మరాఠాలు మైసూరు మీద పడ్డప్పుడు వాళ్ళు కదల్లేదు. ఆ కోపం పదేళ్ళు దాచుకుని 1780 జూలైలో ఎనభై తొంభై వేల మందితో కనుమలు దిగాడు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ దళం మొత్తం చావడమో పట్టుబడడమో జరిగింది. ఇంగ్లీషు మందుగుండు బండ్లు పేలిపోవడం అక్కడ దెబ్బ తీసింది, అందులో రాకెట్ల పాత్ర ఉందంటారు. వెదురు బొంగుల రాకెట్ల నాయకుడి కొడుకు ఇనప గొట్టాల రాకెట్లతో వచ్చాడు. గొట్టం ఇనపదైతే మందు గట్టిగా దట్టించొచ్చు, దూరం పోతుంది. అబ్దుల్ కలాం గారు అమెరికాలో నాసా వాలప్స్ కేంద్రంలో మైసూరు రాకెట్ల బొమ్మ చూసి ఆశ్చర్యపోయానని ఆత్మకథలో రాసుకున్నారు. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి ఈ ఒక్క వాక్యం ఎక్కువ రాసుకుంటున్నాను.

హైదర్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. మద్రాసు చుట్టూ ఉన్న పల్లెలు తగలబెట్టించాడు, శత్రువుకు గింజ దొరకకూడదని. ఆ రెండు మూడేళ్ళు ఆ ప్రాంతంలో కరువు. కాలింది ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళు కాదు. ఆ పల్లెల్లో మన ఆర్కాటు వైపు తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు.

1781లో సర్ ఐర్ కూట్ ఎదురు తిరిగాడు. జూలై 1న పోర్టోనోవోలో, సెప్టెంబర్ 27న షోలింగర్‌లో హైదర్ ఓడాడు. మనం యోగ నరసింహస్వామి కొండ ఎక్కడానికి పోయే షోలింగరే. ఓడినా వెనక్కి పోలేదు. అప్పటికే అరవై దాటాయి. వీపు మీద రాచపుండు లేచింది. 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో ప్రాణం పోయింది.

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పట్టుకున్నది ఈ తర్వాతి నెల. టిప్పు మలబారు తీరంలో ఉన్నాడు. దండులో దాదాపు లక్ష మంది. నాయకుడు పోయాడని తెలిస్తే జీతాల సైన్యం తెల్లారేసరికి చెదిరిపోతుంది. పూర్ణయ్య, కృష్ణారావు అనే ఇద్దరు అధికారులు, ఇంకొందరు నమ్మకస్తులు కలిసి చావును దాచారు. శవాన్ని సుగంధ ద్రవ్యాలతో ఒక పెట్టెలో పెట్టి, విలువైన సొత్తు తరలిస్తున్నట్టు కాపలాతో కోలారుకు పంపించారు. దండులో మాత్రం రోజూ దర్బారు పనులు నడిచాయి, అయ్యగారికి నలతగా ఉంది అన్నారు. రెండో కొడుకు అబ్దుల్ కరీంను గద్దె మీద పెడదామని ఒక కుట్ర లేచింది, దాన్ని అణిచేశారు. టిప్పు పరుగు పరుగున వచ్చి 1783 జనవరి మొదట్లో సైన్యం పగ్గాలు అందుకున్నాడు. హైదర్‌ను ముందు కోలారులో తండ్రి దగ్గర పెట్టి, తర్వాత శ్రీరంగపట్నం గుంబజ్‌కు మార్చారు.

బతికినన్నాళ్ళూ జెండాలతో, ఏనుగులతో, నగారాలతో తిరిగినవాడు. చివరి ప్రయాణంలో ఆయన పెట్టె మీద ఏ గుర్తూ ఉండకూడదు. ఆ హ అక్షరం కూడా. గుర్తు లేకపోవడం మీదే ఒక రాజ్యం నెల రోజులు నిలబడింది.

ఇప్పుడు తాత పులి. ఆగస్టు మూడో వారంలో హాస్టల్లో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చి బ్యాడ్జీకి పై నుంచి కాకుండా పక్క నుంచి, దాదాపు నేలబారుగా వేశాను. అరిగిపోయిన చోట కూడా అక్షరాల అంచులకు నీడ పడుతుంది. ఫోటో తీసి కాంట్రాస్ట్ పెంచాను. పై పట్టీ మీద ఇంగ్లీషు హెచ్. మధ్యలో రెండు ఓలు. కింద పట్టీ చివర షైర్. హైదర్ దర్బారు పారసీలో నడిచింది, ఇంగ్లీషులో కాదు. ఆ రెండు ఓలే దారి చూపించాయి. హిందుస్తాన్ అనే మాటను పాత ఇంగ్లీషులో రెండు ఓలతో రాసేవాళ్ళు.

అది లీసెస్టర్‌షైర్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జీ. ఆ దళం మొదటి పేరు 17వ పదాతి దళం. 1804 నుంచి 1823 దాకా మన దేశంలో యుద్ధాలు చేసినందుకు 1825లో వాళ్ళ రాజు పులి బొమ్మనూ హిందుస్తాన్ అనే మాటనూ బహుమతిగా ఇచ్చాడు. అప్పటికి హైదర్ పోయి 43 ఏళ్ళు, టిప్పు పోయి 26. ఈ బ్యాడ్జీలో కిరీటం ఉండదు, అందుకే తాత మొదటి సూత్రం పనిచేయలేదు. రెండో సూత్రం పనిచేసింది. వెనక పొడవాటి రేకు ఉంది. అలాంటి టోపీ బ్యాడ్జీలు బ్రిటిష్ సైన్యంలో 1890ల చివర నుంచి వచ్చాయి. 1946లో ఆ రెజిమెంట్‌కు రాయల్ అనే మాట కలిసింది, దీని కింది పట్టీలో అంత చోటు లేదు. కాబట్టి సుమారు 1898కీ 1946కీ మధ్యది. మన పులినే మనల్ని గెలిచినందుకు టోపీకి పెట్టుకున్నారన్నమాట. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక కంపెనీ ఇచ్చిన పతకం మీద కూడా అంతే, బ్రిటిష్ సింహం పులిని కింద పడేసి తొక్కుతూ ఉంటుంది. పెద్ద అధికారికి బంగారు పతకం, మామూలు సిపాయికి తగరంది.

ఇంకొకటి కూడా తెలిసింది, అది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. షోలింగర్‌లో హైదర్‌ను ఓడించిన సైన్యంలో ఎక్కువమంది తెల్లవాళ్ళు కాదు, మద్రాసు సిపాయిలు. మద్రాస్ రెజిమెంట్ తన పుట్టుకను 1758 దాకా లెక్కపెట్టుకుంటుంది. అంటే తాత రెజిమెంట్ పెద్దవాళ్ళు హైదర్‌కు ఎదురుగా నిలబడ్డారు. షోలింగర్ అనే మాట ఒకప్పుడు మద్రాసు పటాలాల జెండాల మీద గౌరవంగా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశాన్ని లొంగదీసిన అలాంటి యుద్ధాల రోజుల్ని సైన్యం పండగ చేసుకోదు. తాత టోపీ మీద ఉన్న ఏనుగు కూడా 1803లో మరాఠాల మీద అస్సాయిలో గెలిచినందుకు వచ్చిందే.

ఆదివారం చిత్తూరు పోయాను. తాత పంచలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోటో చూపించాను. ఫోన్ దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లోపలికి పోయి అసలు పులిని తెచ్చుకుని వెనక్కి తిప్పాడు. చాలాసేపు ఆ రేకునే చూశాడు. అందరికీ వెనక్కి తిప్పి చూడమని చెప్పేవాడిని, దీన్ని మాత్రం నేనెప్పుడూ తిప్పి చూడలేదు నాయనా అన్నాడు. చూడలేదా, చూడాలనిపించలేదా అని అడగబోయి ఆగిపోయాను. అవ్వ వంటింట్లోంచి, ఇన్నేళ్ళూ తెల్లోడి పులినా నేను తోమింది అని నవ్వింది.

తర్వాత హైదర్‌కు మరి గుర్తేంది అని అడిగాడు. పేపర్ అంచు మీద హ రాసి చూపించాను. నా చేతిరాత కూడా అంత గొప్పగా లేదు. ఒక్క అక్షరమేనా అన్నాడు. ఒక్కటే, చదువు రాదు కదా తాతా అన్నాను. షోలింగర్ సంగతి కూడా చెప్పేశాను. దానికి తాత పెద్దగా కదల్లేదు. జీతం ఎవరిస్తే వాళ్ళ వైపు నిలబడతాడు సిపాయి, హైదర్ దగ్గర ఉన్నోళ్ళూ అంతే గదా అన్నాడు. ఆయన్ని కదిలించింది వేరే. కంపెనీ వాళ్ళు చివరిదాకా హైదర్ నాయక్ అనే రాశారన్న మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

నేను బస్సుకు బయల్దేరుతుంటే పులిని పసుపు గుడ్డలో కాకుండా మామూలు ప్లాస్టిక్ కవర్‌లో వేసి ఇచ్చాడు. దాంతో పాటు ఇంకో పొట్లం. విప్పితే పాత ఖాకీ చొక్కా చేతి నుంచి కత్తిరించిన రెండు ఫీతీలు, దారాలు కూడా ఊడదీయలేదు. ఇది కూడా పెట్టు, దీనికి తేదీ నేనే చెప్తా అన్నాడు.

ఆ రోజు బల్ల మీద రెండు చీటీలు పెట్టాను. ఒకటి: లీసెస్టర్‌షైర్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జీ, సుమారు 1898–1946, వేలూరులో దొరికింది, హైదర్ అలీది అని మా ఇంట్లో నలభై ఏళ్ళు అనుకున్నది. రెండోది: నాయక్ చిహ్నం, భారత సైన్యం. కింద తాత చెప్పిన సంవత్సరం. అందరూ పులి ఫోటోలే తీసుకున్నారు. సాయంత్రం తాత ఫోన్ చేసి ఫీతీలను ఎవరైనా చూసినారా అని అడిగాడు. ఫస్టియర్ అమ్మాయి ఒకామె వచ్చి ఇవి ఏ ర్యాంకు అని అడిగింది, వాళ్ళ మామ కూడా నాయక్ అంట అని చెప్పాను. ఏ రెజిమెంటో కనుక్కోమన్నాడు.